మగవాళ్ళు వినకూడని పాటలు

బుధవారం పొద్దున గలీనా బొబ్బర్లు నానబోసింది. గిన్నె మీద పళ్ళెం మూతపెట్టి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ, “ఏవండీ, సాయంత్రం గారెలు. పప్పు రుబ్బడం నా పని, ఉల్లిపాయలు తరగడం మీ పని. ఆస్పత్రిలో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని వంకలు పెట్టొద్దు” అంది.

కృష్ణమూర్తి బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వాడు. “పుట్టింది లెనిన్‌గ్రాడ్‌లోనే గానీ, పని పురమాయించడం మాత్రం తునిలో మా అమ్మ దగ్గర నేర్చావు.”

“ఆవిడ దగ్గర నేర్చుకోనిది ఏముంది గనక?”

అంతే. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో వాళ్ళ ఆఖరి మాటలు ఉల్లిపాయల గురించి.

సాయంత్రం అతను తాళం తీసి లోపలికి వచ్చేసరికి వంటిల్లు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. గలీనా వెనక గదిలో, కిటికీ వైపు తిరిగి, కుర్చీలో ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు. అతను గడప దగ్గర ఆగిపోయాడు. ఆ ఇంట్లో అది ఆచారం. ఆమె చెవుల మీద హెడ్‌ఫోన్లు ఉన్నంతసేపూ అతను ఆ గడప దాటడు. బయటున్న స్విచ్చితో గది దీపం రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి, వింటున్నది ఆపి, అప్పుడు “ఊఁ, రండి” అంటుంది. హెడ్‌ఫోన్ల అంచుల్లోంచి కారే సన్నటి చప్పుడు కూడా అతని చెవిన పడకూడదని ఆ ఏర్పాటు.

ఆ సాయంత్రం కూడా దీపం ఆర్పి వెలిగించాడు. చెయ్యి లేవలేదు. మళ్ళీ ఆర్పి వెలిగించాడు. “గాల్యా!” అన్నాడు. గడప అవతల నిలబడి ఒక డాక్టరు తన భార్య చెయ్యి లేవడం కోసం ఎదురుచూశాడు. ఎంతసేపో తర్వాత అతనికి గుర్తులేదు. గుర్తు చేసుకోవాలని అతను అనుకోనూ లేదు.

ఒక్కసారిగా లోపలికి దూకి, ఫోన్లో అంబులెన్సుని పిలుస్తూనే ఆమెని నేల మీదికి దించాడు. దించుతుంటే హెడ్‌ఫోన్ల తీగ కంప్యూటర్లోంచి ఊడి వచ్చింది. గది నిండా ఆడవాళ్ళ పాట. చప్పట్లు, రోకలి పోటు లాంటి దరువు, ఒక గొంతు ముందు పాడితే పది గొంతులు అందుకోవడం. ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టుకుని వినడం గలీనా పద్ధతి. అతను ఆమె ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతూనే ఉన్నాడు, పాట తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ పాట చివర నవ్వులు, ఆ నవ్వుల మీద గలీనా గొంతు, హౌసా భాషలో ఏదో ప్రశ్న. జవాబు రాకముందే పాట మళ్ళీ మొదలు. ఆపడానికి అతనికి చెయ్యి ఖాళీ లేదు. అంబులెన్సు మనుషులు ఇద్దరు వచ్చి, వాళ్ళలో ఒకడు కంప్యూటర్ మూత మూసేదాకా ఆ పాట ఆగలేదు.

ఆమె పోయి చాలాసేపయిందని ఆమె మెడ మీద వేళ్ళు పెట్టినప్పుడే అతనికి తెలుసు. అయినా నొక్కాడు. వాళ్ళు ఆమెను తీసుకుపోయాక, ఆ గదిలో నేల మీద కూర్చున్న కృష్ణమూర్తి మనసులో దుఃఖం కన్నా ముందు ఒక భయం చొరబడింది. ముగ్గురు మగవాళ్ళు విన్నారు.

*

గలీనా హౌసా భాషని కోరి ఎంచుకోలేదు. విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆమె అడిగింది అరబ్బీ. ఆ ఏడాది ఎవరికి ఏ భాషో పైవాళ్ళే పంచారు. ఆమె వంతుకి పశ్చిమ ఆఫ్రికా భాష వచ్చింది. ఆమె ఏడ్చింది. ట్రాము నడిపే తండ్రి, “ఏదో ఒక భాషే కదమ్మా, మాట్లాడేది మనుషులే” అని సర్దిచెప్పాడు. పాఠం చెప్పిన ఆచార్యుడు ఆ భాష మాట్లాడే నేల మీద ఎన్నడూ అడుగుపెట్టలేదు. వెళ్ళడానికి అనుమతి దొరికేది కాదు. గ్రామఫోను రికార్డులు తిప్పి తిప్పి చెప్పేవాడు. ఊళ్ళో హౌసా మాట్లాడే ప్రాణి ఒక్కటే ఉండేది, కానో నుంచి వంతెనల ఇంజనీరింగు చదవడానికి వచ్చిన విద్యార్థి. గలీనా అతని వెనకాల భోజనశాలకి, లైబ్రరీకి, ఒకసారి మంచులో బస్టాండు దాకా నడిచింది. తనని ప్రేమిస్తోందేమోనని అతను హడలిపోయాడు. ఆమెకి కావలసింది అతను రొట్టె అడుగుతున్నప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ పడుతుందో.

తుని నుంచి వైద్యం చదవడానికి వెళ్ళిన కృష్ణమూర్తి ఆమెకి కనబడింది హాస్టలు వంటగదిలో. అతను ఎండుమిరపకాయలతో పోపు వేస్తే అంతస్తు అంతస్తంతా దగ్గుతూ బయటికి పరిగెత్తింది. ఆమె ఒక్కతే ముక్కుకి రుమాలు కట్టుకుని లోపలికి వచ్చి, “దీన్ని మీ భాషలో ఏమంటారు?” అని అడిగింది.

పెళ్ళయ్యాక తుని వచ్చి అత్తగారు ఆండాళమ్మ దగ్గర కొన్ని నెలలుంది. అక్కడే ఆమెకి తెలుగు పట్టుబడింది. తిరుగు ప్రయాణం నాడు ఆండాళమ్మ ఆమెని పీట మీద కూర్చోబెట్టి, “మళ్ళీ వస్తానని నా తలమీద ఒట్టెయ్యి” అంది. గలీనా చెయ్యి వెయ్యబోయి ఆగింది. చదివిన చదువు అలాంటిది, అడక్కుండా ఉండలేదు.

“ఒట్టు తప్పితే ఏమవుతుంది అత్తయ్యా?”

“ఎవరి తలమీద వేశావో వాళ్ళు పోతారు.”

“నిజంగా?”

“నిజంగానో అబద్ధంగానో, నీకెందుకు? నువ్వు తప్పకు.”

పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. గలీనా నవ్వలేదు. చెయ్యి వేసింది. రెండేళ్ళకి అన్నమాట ప్రకారం వచ్చింది.

ఈలోగా ఆమె దేశమే లేకుండా పోయింది. విశ్వవిద్యాలయంలో జీతాలు ఆగిపోయాయి. ఆఫ్రికా భాషల విభాగంలో హీటర్లు వెలిగేవి కావు. కృష్ణమూర్తికి జెద్దాలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. ఆమె అతని వెనకాల వచ్చింది. ఆమె నివాస అనుమతి కార్డు ఇకామాలో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాశారు. తెలుగు డాక్టర్ల ఇళ్ళల్లో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, “ఇదివరకు పరిశోధన చేసేదాన్ని. ఇప్పుడు పప్పుచారు చేస్తున్నాను” అనేది. అందరూ నవ్వేవారు. కృష్ణమూర్తి మాత్రం ఆమె అలా అన్న ప్రతిసారీ మాట మార్చేసేవాడు.

ఒక రోజు బలద్ బజారులో, పాత మసీదు వెనక పేవ్‌మెంటు మీద, వేయించిన పుచ్చగింజలు అమ్ముకుంటున్న ఒక నల్లటి ఆడమనిషి పక్కనున్నామెని తిడుతోంది. గలీనా నిలబడిపోయింది. ఆ తిట్టు హౌసాలో ఉంది. గ్రామఫోను రికార్డుల్లో లేని తిట్టు అది. ఆమె వంగి, అదే భాషలో, “అమ్మా, ఆ మాట ఇంకోసారి అనవా?” అంది. గింజలు కొలిచే డబ్బా ఆ మనిషి చేతిలోంచి జారి రోడ్డు మీద దొర్లింది.

ఆ మనిషి పేరు జైనాబ్. ఆమె తాతల కాలంలో వాళ్ళు హజ్ కోసమని పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కడో బయల్దేరి, ఎడారులు నడుచుకుంటూ, దారిలో కూలి చేసుకుంటూ, పిల్లల్ని కంటూ, జెద్దా చేరి ఇక్కడే ఉండిపోయారు. అలాంటి కుటుంబాలు ఓ బస్తీ నిండా ఉన్నాయి. మగవాళ్ళకి అరబ్బీ వచ్చేసింది. హౌసా ఆడవాళ్ళ దగ్గర, వంటింట్లో, పెళ్ళిళ్ళలో మిగిలింది. పెళ్ళికూతురికి గోరింట పెట్టే రోజున తలుపులు మూసుకుని పాడుకునే పాటలుండేవి. ఆ పాటల్లో మొగుళ్ళని, అత్తల్ని, మరుదుల్ని పేరు పెట్టి ఎగతాళి చేస్తారు. ఎవడి గురక ఎలాంటిదో, ఎవడు రొట్టె కోసం ఎలా అలుగుతాడో, ఏదీ దాచరు.

“రికార్డు చేసుకో” అంది జైనాబ్, “కానీ ఒక్క మగ పురుగు చెవిన పడినా మా ఇళ్ళు కూలుతాయి. అల్లా మీద ప్రమాణం చెయ్యి.”

“నాకు దేవుడు లేడే.”

జైనాబ్ నిజంగానే జాలిపడింది. “అయ్యో! మరి ఎవరున్నారు నీకు?”

“మొగుడున్నాడు.”

“సరే, వాడి మీద చెయ్యి.”

గలీనా ఆ పూట ఇంటికి వచ్చి, పేపరు చదువుకుంటున్న కృష్ణమూర్తి తలమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, హౌసాలో ఏదో గొణిగింది. “ఏమిటిది, దిష్టి తీస్తున్నావా?” అన్నాడు అతను. “మీ తలమీద ఒట్టేశాను. ఇక నేను చాలా జాగ్రత్తగా ఉండాలి” అంది. అతను నవ్వి, “దేవుణ్ణి నమ్మవు, ఒట్టుని నమ్ముతావా? తీసి గట్టున పెట్టు” అన్నాడు. ఆమె ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

*

ఆ రోజు మొదలు ఆ ఇంట్లో స్పీకర్లు కొనలేదు. గలీనా పని అంతా చెవుల లోపల జరిగింది. జెద్దాలో పుట్టిన ఆడపిల్లల హౌసాలో పలుకు ఎగుడుదిగుళ్ళు అమ్మమ్మల పలుకుకి భిన్నంగా చదును అవుతున్నాయని ఆమె కనిపెట్టింది. దాని మీద పేపరు రాసింది. పత్రికలవాళ్ళు, “పలుకు గురించి రాసి పలుకు వినిపించకపోతే ఎలా? రికార్డింగులు పంపండి, మా పరిశీలకులు విని చూస్తారు” అన్నారు. పరిశీలకుల్లో మగవాళ్ళు ఉంటారా అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు కూడా రాలేదు. పేపరు తిరిగొచ్చింది. ఇంకొకటి రాసింది. అదీ తిరిగొచ్చింది. ఇప్పుడు పీటర్స్‌బర్గ్ అయిన లెనిన్‌గ్రాడ్ నుంచి ఆమె ముసలి ఆచార్యుడు ఫోన్ చేసి, “ఒక్క నిమిషం వినిపించు గలీనా, నాకు ఎనభై దాటాయి, నన్ను మగవాడి కింద లెక్కెయ్యకు” అని బతిమాలాడు. ఆమె ఏడుస్తూనే కుదరదంది. ఆ చలికాలం ఆయన పోయాడు. చదువుకునే రోజుల్లో ఆమె వెనక బల్లలో కూర్చున్నవాళ్ళంతా ఆచార్యులయ్యారు. ఆమె ఇకామాలో ‘గృహిణి’ అలాగే ఉంది.

“మీకేం అవుతుందోనని కాదు” అనేది ఎప్పుడైనా, “అయినా మీకేమన్నా అయితే?”

బస్తీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడైనా తనిఖీ కోసం కార్లు ఆపుతుంటే, రికార్డరు మెంతికూర కట్టల కింద పెట్టుకుని, వాటి మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. దొరికితే జైలు అని కాదు ఆమె భయం. దొరికితే ఆ పోలీసు బటన్ నొక్కి వింటాడు. ఇకామా రెన్యువల్ చేయించుకునే ప్రతి ఏడూ, ఈ ఏడు ఆస్పత్రివాళ్ళు వద్దంటే ఈ పని ఏం కానని కంగారు. ఒక ఏడు బస్తీ గోడల మీద కూల్చివేత గుర్తుగా ఎర్ర అక్షరాలు పడ్డాయి. తర్వాత కొన్నాళ్ళకి బస్తీ లేదు, చదునైన నేల ఉంది. పాడిన ఆడవాళ్ళు ఊరంతా చెల్లాచెదురయ్యారు. జైనాబ్ కుటుంబం ఎక్కడో మూడో అంతస్తుకి మారింది.

చివరికి ఆ ఇకామా భయమే నిజమైంది. కృష్ణమూర్తికి వయసు మించిందని, కాంట్రాక్టు పొడిగించబోమని, వేసవి చివరికి ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం వదిలి వెళ్ళిపోవాలని ఆస్పత్రివాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం గలీనా వంట చెయ్యలేదు. “ఒక్కో పాటా తీసి, పాడినామెకే వినిపించి, ఇది లోకం వినచ్చా, వద్దా అని అడగాలి. పాడినామె పోయి ఉంటే కూతుర్ని అడగాలి. అడగకుండా నేను మోసుకుపోలేను, అలాగని వదిలిపోలేను” అంది. అప్పటిదాకా మంగళవారం మాత్రమే వెళ్ళేది. అప్పటి నుంచి శనివారం కూడా వెళ్ళడం మొదలుపెట్టింది. తిరిగొచ్చాక సోఫాలో వాలిపోయేది. అతను బీపీ చూస్తానంటే, “ఎండ, అంతే. మీ పేషెంట్లని చూసుకోండి” అని చెయ్యి లాక్కునేది.

*

తునిలో కర్మకాండ ముగించుకుని, ఇల్లు ఖాళీ చెయ్యడానికి కృష్ణమూర్తి మళ్ళీ జెద్దా వచ్చాడు. ఫైనల్ ఎగ్జిట్‌కి గడువు దగ్గరపడింది. బీరువాలో ఆండాళమ్మ పాత నేతచీరలో చుట్టి, గలీనా హార్డ్ డిస్కులు ఉన్నాయి. వాటి మీద అక్షరాలు, అంకెలు. ఏది లోకం వినచ్చో, ఏది వినకూడదో ఆమెకే తెలుసు. ఆ వేరుచేసే పని పూర్తయిందో లేదో కూడా అతనికి తెలీదు.

కింది అంతస్తులో ఉండే శరత్ విజయవాడ కుర్రాడు, ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. సాయం చేస్తానని వచ్చాడు.

“సింపుల్ అంకుల్. అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేద్దాం. ఇండియా వెళ్ళి డౌన్‌లోడ్ చేసుకోండి. ఇలా ఇవ్వండి, ఏ ఫైల్ కరప్ట్ అయిందో ఓపెన్ చేసి చెక్ చేస్తా.”

“తెరవకు.”

“చెక్ చేయకపోతే ఎలా అంకుల్? జస్ట్ టూ సెకండ్స్ ప్లే చేస్తే...”

“తెరవకు బాబూ!” కృష్ణమూర్తి డిస్కుని అతని చేతిలోంచి లాగేసుకున్నాడు. శరత్ బిత్తరపోయి చూశాడు. “ఆడవాళ్ళు వినాల్సినవి” అన్నాడు కృష్ణమూర్తి, గొంతు తగ్గించి. “మీ ఆంటీ ఒట్టు పెట్టుకుంది.”

శరత్ నవ్వబోయి మానేశాడు. “మరి ఎయిర్‌పోర్టులో, అంకుల్? ఒక్కోసారి హార్డ్ డిస్కులు ప్లగ్ చేసి చూస్తారు. ప్లే చేసి మరీ చూస్తారు. బోల్డన్ని ఆడవాళ్ళ వాయిసెస్ ఉన్నాయంటే... మీరు ఏమని చెప్తారు?”

అప్పటిదాకా కృష్ణమూర్తికి ఆ ఆలోచన రాలేదు. వచ్చాక వదల్లేదు. మోసుకుపోతే విమానాశ్రయంలో ఎవడో వింటాడు. ఇక్కడే పారేస్తే గలీనా బతుకు చెత్తకుండీలో పడుతుంది. కొరియర్‌లో పంపితే ఎవడు విప్పుతాడో తెలీదు. పీటర్స్‌బర్గ్ ఆర్కైవ్‌వాళ్ళు తీసుకుంటామని రాశారు గానీ, ప్రతి రికార్డింగూ తమ సాంకేతిక నిపుణుడు విని చూస్తాడన్నారు. ఇక మిగిలింది జైనాబ్. ఆ ఇల్లెక్కడో అతనికి తెలీదు. గలీనా ఫోన్ ఆమె వేలిముద్ర లేకుండా తెరుచుకోదు. తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, లిమోజిన్ టాక్సీ నడిపే ఖలందర్. జగిత్యాల మనిషి. గలీనాని తీసుకెళ్ళి తీసుకొచ్చేది అతనే.

“గల్లీ ఎర్కనే సార్” అన్నాడు ఖలందర్. “ఇల్లెర్కలే. అమ్మ మూలకున్న బకాలా దుకాణం కాడనే దిగేది. ‘ఖలందర్ భాయ్, నువ్వు గీడ్నే ఉండు, లోపలికి రావద్దు’ అనేది. ఎన్నడూ పోలే నేను.”

“అక్కడ ఎవరినైనా అడుగుదాం, జైనాబ్ గారి ఇల్లెక్కడని.”

ఖలందర్ అద్దంలోంచి అతన్ని చూశాడు. “పాగలయిన్రా సార్ మీరు? ముక్కూ ముఖం తెల్వని మొగోడొచ్చి ఆడమనిషి పేరు పట్టి అడిగితే ఊకుంటరా? నన్నూ తంతరు, మిమ్ముల్నీ తంతరు. మీరంటే పెద్దమనుషులు, జర తక్కువ తంతరు.”

ఆ మాటకి చాలా రోజుల తర్వాత కృష్ణమూర్తికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు భయంలోకి దిగిపోయింది. బకాలా ఎదురుగా కారు ఆపుకుని కూర్చున్నారు. ఒళ్ళో చీరమూట. దారిన పోయే ప్రతి పోలీసు బండినీ చూసి అతను మూట మీద చెయ్యి వేస్తున్నాడు. ఇలాగే కదా ఆమె మెంతికూర మీద చెయ్యి వేసుకుని వచ్చేది అనిపించింది. ఎదురుగా అన్నీ ఒకేలాంటి మూడంతస్తుల ఇళ్ళు. ఏ కిటికీ వెనక ఎవరున్నారో తెలీదు. మధ్యాహ్నపు అస్రు నమాజుకి దుకాణాల షట్టర్లు పడ్డాయి, మళ్ళీ లేచాయి. “ఇంక పోదామా సార్?” అని ఖలందర్ అడిగాడు. “ఇంకాసేపు” అన్నాడు అతను.

అప్పుడు అబాయా వేసుకుని, భుజాన కాలేజీ సంచితో వస్తున్న ఒక అమ్మాయి కారు నంబరు చూసి ఆగింది. గబగబా వచ్చి ఖలందర్ వైపు అద్దం మీద తట్టి, అరబ్బీలో అడిగింది.

“గలీనా ఖాలాని తెచ్చావా? ఏమైపోయింది తను? ఫోన్ ఎత్తదు, రాదు. నానమ్మ తిండి మానేసింది.” అప్పుడు వెనక సీట్లో ఉన్న మనిషిని చూసింది. చీరమూటని చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

అంటే వాళ్ళకి తెలీదు. అది తన నోటితో చెప్పాల్సి వస్తుందని కృష్ణమూర్తి ఒక్కసారైనా అనుకోలేదు. తెలియని మనుషులకి చావు కబురు చెప్పడం అతని వృత్తిలో భాగం. అరబ్బీలో ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు. ఆ వాక్యం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాడు.

*

ఆ అమ్మాయి అయేషా, జైనాబ్ మనవరాలు. ముందు ఆమె పరిగెత్తుకుని పైకి వెళ్ళింది. పైనుంచి ఒక్క అరుపు వినబడింది. చాలాసేపటికి అయేషా దిగివచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, రమ్మని సైగ చేసింది. అతను మూట పట్టుకుని ఆమె పాదాల మీదే చూపు నిలిపి మూడంతస్తులు ఎక్కాడు. చెప్పవలసిన మాటలు లోపల సరిచూసుకుంటూ ఎక్కాడు.

గదిలో తలుపుకి ఇవతల అతనికి కుర్చీ వేశారు. జైనాబ్ తెర అవతల కూర్చుంది. ఆమె అరబ్బీలో హజ్ యాత్రికులకి గింజలమ్మి నేర్చుకున్న హిందీ కూడా కలిసేది.

“నువ్వేనా ఆ మొగుడివి?” అంది తెర వెనకనుంచి.

“నేనే.”

“సన్నగా ఉంటావనుకున్నాను. ఆమె చెప్పిన లెక్కన.”

అతను మూటని తెర కిందనుంచి లోపలికి జరిపాడు. అయేషా అందుకుంది. తర్వాత, లోపల సరిచూసుకున్న మాటలన్నీ మరచిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. తీగ ఊడిపోయిందని. పాట గదిలో మోగిందని. తనూ, ఇంకో ఇద్దరు మగవాళ్ళూ విన్నారని. ఒట్టు తప్పిందని. “ఆమె తప్పలేదు. నా చేతుల్లో తప్పింది” అన్నాడు.

ఇళ్ళు కూలుతాయని ఈ మనిషే అంది. ఇప్పుడు ఏమంటుందో. మూట తిరిగి ఇచ్చేస్తుందేమో. తగలబెట్టమంటుందేమో.

“ఎవరు పాడుతున్నారు? ముందు పాడేది ఒక్క గొంతేనా?” అంది జైనాబ్.

“ఒక్కటే. బొంగురు గొంతు. మిగతావాళ్ళు అందుకుంటున్నారు.”

“రోకలి దరువు ఉందా?”

“ఉంది.”

“అది నేను.” ఆమె తెరకి దగ్గరగా జరిగింది. “పాట బాగుందా?”

కృష్ణమూర్తి నోరు తెరిచాడు. పాట బాగుందో లేదో వెతుక్కున్నాడు. అతనికి గుర్తొచ్చింది గలీనా పక్కటెముకల మీద తన అరచేతులు, అంతే. “తెలీదమ్మా. గుర్తులేదు” అన్నాడు.

“అయితే నువ్వు వినలేదు” అంది జైనాబ్ కచ్చితంగా. “నా పాట విన్నవాడికి గుర్తుండకపోవడం అంటూ ఉండదు. ఆ ఇద్దరు కూడా వినలేదు, చావు దగ్గర పనిలో ఉన్నారు వాళ్ళు. ఒట్టు అలాగే ఉంది. దాని మీద ఏడవకు. ఏడవడానికి ఇంకా చాలా ఉంది.” తర్వాత ఆమె కూడా ఏడ్చింది, గట్టిగా, సిగ్గుపడకుండా. అయేషా కూడా.

ఏడుపు అయ్యాక పని మాట్లాడుకున్నారు. సగం పాటలు మాత్రమే అడగడం అయిందట. మిగతావి అయేషా ఒక్కొక్క ఇంటికీ పట్టుకెళ్ళి, గలీనా నేర్పినట్టే, హెడ్‌ఫోన్లు పెట్టి, పాడినామెకి వినిపించి అడుగుతుంది. లోకం వినచ్చన్నవి గలీనా పేరు మీద పీటర్స్‌బర్గ్‌కి పంపుతుంది. వద్దన్నవి ఈ ఇంట్లో, ఆడవాళ్ళ దగ్గరే ఉంటాయి. “పంపేటప్పుడు గలీనా పేరు కింద నీ పేరు కూడా రాయమ్మా” అన్నాడు కృష్ణమూర్తి. అయేషా తలూపింది. ఇన్నాళ్ళుగా అతని గుండె మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగినట్టయింది. లేచి నిలబడ్డాడు. జైనాబ్ తెర పక్కనుంచి ఒక గుడ్డసంచి నిండా పుచ్చగింజలు పంపింది. విమానంలో నములుకోమంది.

అయేషా కిందిదాకా దిగబెట్టడానికి వచ్చింది. ఒక్కో మెట్టూ దిగుతూ, పాటల సంగతి ఇక తన నెత్తిన లేదన్న నిశ్చింతలో, అతను మొదటిసారి ఆ మెట్లని చూశాడు. ఇరుకు మెట్లు, నిటారుగా ఉన్నాయి. లిఫ్టు లేదు. కింది మలుపు దగ్గర, ఎక్కేటప్పుడు తను ఒదిగి దాటినా గమనించని తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి, దారికి అడ్డంగా గోడకి ఆనించి ఉంది. కాళ్ళకి తగిలితే పక్కకి జరపబోయాడు.

“ఉండనివ్వండి” అంది అయేషా. “నానమ్మ తియ్యనివ్వడం లేదు. అది గలీనా ఖాలాది.”

“ఆమెది అంటే?”

“ఎక్కేటప్పుడు కూర్చునేది. కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కేది. మీకు చెప్పొద్దంది. చెబితే మంగళవారాలు ఆపేయిస్తారంది.” ఆ అమ్మాయి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, దుమ్ము తుడిచినట్టు తుడిచింది. “మొదట్లో ఇది పైన, మా గుమ్మం పక్కనే ఉండేది. తర్వాత రెండో అంతస్తుకి దించాం. రంజాన్ అయ్యాక ఇక్కడికి.”